కాశీబుగ్గ దాకా కాళ్ల కింద కుంపటి

విజయనగరం నుంచి కాశీబుగ్గకి రైలుంది. పలాస స్టేషన్లో దిగితే కాశీబుగ్గ పక్కనే. ఈ సంగతి ముందుగా చెప్పడం నా ధర్మం. మూడో తరగతి టిక్కెట్టు కొనుక్కుని, కిటికీ పక్కన కూర్చుని, వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ హాయిగా వెళ్లిపోవచ్చు. మొన్న వైశాఖంలో మా తమ్ముడు సూరిబాబు పెళ్లికి మావాళ్లంతా అలాగే వెళ్లారు. నేనూ మా ఆయనా మాత్రం ఎర్ర స్పోర్ట్సు కారులో రోడ్డు మీద వెళ్లాం. ఇదంతా చదివాక కూడా ఎవరికైనా అలా వెళ్లాలనిపిస్తే నా పూచీ లేదు.

మా ఆయన నెల్లిమర్ల గోనెసంచుల మిల్లులో గుమాస్తా. అక్కడ ఇంజనీరుగా చేసిన ఒక దొరగారు స్వదేశం పోతూ పోతూ తన కారుని మా ఆయనకి కట్టబెట్టి పోయారు. దానికి రెండే సీట్లు. పైన టాపు లేదు, వానొస్తే లాక్కోవడానికి నల్లగుడ్డ ఒకటుంది. తలుపులు మోకాలెత్తు. దాన్ని చేసినవాళ్లు చలిదేశం వాళ్లు. ఇంజను వేడి ఎటైనా పోనీ అనుకోకుండా తిన్నగా మనిషి కాళ్ల దగ్గరికే వచ్చేలా కట్టారు. వాళ్లకది వరమే కావచ్చు. మన ఊళ్లో ఆ కారులో సంత దాకా వెళ్లొస్తే చాలు, పాదాలకి వెన్న రాసుకోవాలి.

ఇంటి దగ్గర చోటు లేక మా ఆయన దాన్ని మా నాన్నగారి నూనెమిల్లు షెడ్డులో పెట్టారు. నువ్వుల బస్తాలుండాల్సిన చోట కారుండడం నాన్నకి కంట్లో నలుసైపోయింది. పెళ్లికి తరలివెళ్లేముందు ఒక పరిష్కారం కనిపెట్టారు.

"సూడండి అల్లుడుగారూ," అన్నారు. "ఈ బండి కాశీబుగ్గ దాకా దాని కాళ్ల మీద అది నడిసొస్తే మావోడి ఊరేగింపు ఇందులోనే. ఆ ఊరేగింపు కూడా ఆగకుండా సాగితే బండి మీది, షెడ్డూ మీది. ఎక్కడైనా ఎడ్లు కట్టి లాగాల్సొచ్చిందా, మర్నాడే తుక్కు సామానోడికిచ్చీడమే. సరేనా?"

మా ఆయన సరేనన్నారు. అనేముందు నా మొహం చూడనైనా లేదు. చూసి ఉంటే తెలిసేది, ఆ పొద్దున నేను నాన్న పక్షమే. నలుగురు ఎక్కలేని బండితో సంసారులకేం పని? ఎక్కడో ఒకచోట ఎడ్లు దొరికేలా చూడు తల్లీ అని మా ఊరి పైడితల్లమ్మకి, అమ్మ వింటుండగానే, మొక్కుకుని కారెక్కాను.

మొదటి దండ

బయల్దేరేముందు అమ్మ కారు మూతికి పసుపు రాసి కుంకుమ పెట్టింది. కారుకి మూతి ఏదో ఎవరూ చెప్పనక్కర్లేదు. రెండు దీపాలూ రెండు కళ్లు, మధ్యలో జల్లెడలాంటి ఇనపచట్రం నోరు. ఆ చట్రానికి అడ్డంగా నేలసంపెంగలూ మరువమూ కలిపి కట్టిన దండ వేసింది. దండ నా జడ కన్నా లావుంది. పెళ్లికి వెళ్లే బండి మరి.

ఆడపెళ్లివారికి తీసుకెళ్లాల్సిన సున్నుండల బుట్ట నా కాళ్ల దగ్గర పెట్టింది, వేరే చోటు లేక. సీటు మీద తడితువ్వాలు పరిచింది. కూర్చున్న కాసేపటికే అది ఇస్త్రీ చేసినట్టు ఆరిపోయింది.

ఊరు దాటాక గాలి కొట్టింది. ఒప్పుకోవాలి, బాగుంది. మా ఆయన ఈలవేశారు. మా పెళ్లయి ఇన్నేళ్లయింది, ఆయనకి ఈల వచ్చని నాకు అప్పుడే తెలిసింది.

నెల్లిమర్ల

మిల్లు గేటు దగ్గర ఆగకుండా వెళ్లడం మర్యాద కాదన్నారు. ఆగాం. ఆయనతో పనిచేసేవాళ్లు టీలు తెచ్చారు, పావలా పొట్లం పకోడీలు తెచ్చారు, ఒక దండ తెచ్చారు. మా విజయనగరంలో దండంటే దేవుడికో మనిషికో. ఇక్కడ దసరాకి మరమగ్గాలకి, బాయిలరుకి కూడా వేస్తారట. కాబట్టి కారుకి దండ వెయ్యడం వాళ్లకి వెన్నతో పెట్టిన విద్య. అమ్మ కట్టిన దండ మీద ఇంకో వరస బిగించి కట్టారు.

ఒకాయన నాతో రహస్యంగా అన్నాడు. "అమ్మా, మిల్లులో మీ ఆయన ఎవరితోనూ మాటాడరు. లెక్కలు రాసుకుంటారు, ఎల్లిపోతారు. ఈ కారొచ్చినకాడి నుంచే నవ్వుతన్నారు."

నేను ఇంకో పకోడీ నోట్లో వేసుకున్నాను.

నెల్లిమర్ల దాటాక కారులో వేడి పెరిగింది. స్టీరింగు చక్రం వెనక గుండ్రటి అద్దంలో ఒక ముల్లుంటుంది, ఇంజను నీళ్లు ఎంత కాగాయో అది చెబుతుంది. పొద్దున పడుకున్న ముల్లు లేచి కూర్చుంది. నా ప్లాస్టిక్ చెప్పు ఒకటి మెత్తబడి అడుగున అంటుకుంది. పీకితే చెప్పు వచ్చింది కానీ మడమ భాగం రాలేదు.

"ఎండే కామేశ్వరీ, ఎండ," అన్నారు మా ఆయన.

పొందూరు

మా ఆయన చిన్నప్పుడు పొందూరులో చదువుకున్నారు. అప్పుడు వాళ్లుండే ఇంటివారి ఆడపడుచు నీలమ్మగారు. ఈయన ఆవిడని అత్తా అంటారు. ఇప్పుడు పెద్దావిడ. అరుగు మీద రాట్నం ముందు కూర్చుని ఉంది. పత్తిని వాలుగచేప దవడ ఎముకతో దువ్వుతోంది. చేప పళ్లే దువ్వెన పళ్లు. చేప పేరెత్తితే ముక్కు మూసుకునే ఇంట్లో పుట్టిన నేను, ఆ ఎముక మీంచి జారే పత్తిని చూస్తూ ముక్కు సంగతి మరిచిపోయాను. అంత తెల్లగా, అంత పల్చగా ఉంది.

చోడి అంబలి ఇచ్చింది, పచ్చి ఉల్లిపాయతో. మా ఇంట్లో చోళ్లు, అదే రాగులు, జబ్బుపడితే తాగేవి. ఆ ఎండలో ఒక గ్లాసు తాగి రెండోది నోరు విడిచి అడిగాను.

నీలమ్మత్త కారు చుట్టూ ఒకసారి తిరిగింది. దండల వంక చూసి పెదవి విరిచింది.

"పూలు సాయంత్రానికి వాడిపోతాయి బాబూ. నూలు వాడదు. మా ఊల్లో పెద్దోల్లెవలొచ్చినా నూలే ఏస్తాం."

లోపలికి వెళ్లి తాను వడికి చుట్టలు చుట్టిన నూలు చిలపలు తెచ్చింది. ఒకటి కాదు, చంకనిండా. వాటిని విప్పి, పరిచి, కారు మూతికి ఈ చివర నుంచి ఆ చివరకి కట్టింది. మా ఆయన కళ్లు చెమర్చాయి. కాళ్లకి దండం పెట్టారు. నేనూ పెట్టాను. పెళ్లికొడుకు బండికి ఇంతకంటే మర్యాద ఎవరు చేస్తారు?

ఊరు దాటిన కాసేపటికి కారు పొగలు కక్కింది.

మూత తీసి ఇంజనులో నీళ్లు పోశాం. మళ్లీ కదిలాం. మళ్లీ ముల్లు నెత్తికెక్కింది. అప్పుడు మా ఆయన గొంతు సవరించుకున్నారు.

"ఒక మాట చెబితే కోప్పడవు కదా?"

ఆ మాటతో మొదలైనవేవీ మా ఇంట్లో బాగా ముగియలేదు.

"ఇదిగో ఈ నల్లపిడి ఉంది చూశావూ? దొరల దేశంలో చలికి కాళ్లు కొంకర్లు పోతాయట. ఇది లాగితే ఇంజన్లో కాగిన నీళ్లు మన కాళ్ల ముందున్న పెట్టెలోకొస్తాయి. ఆ వేడి మనకి తగులుతుంది. వాళ్లకి కుంపటన్నమాట. ఇంజనుకి ప్రాణం మీదికొస్తే కూడా లాగమన్నారు దొరగారు. దాని వేడి కొంత మనం పుచ్చుకుంటే అది చల్లబడుతుంది."

"అంటే దాని జ్వరం మనం అంటించుకోవాలా?"

"కాసేపే."

"వద్దంటే?"

"ఎడ్లు," అన్నారాయన. ఆ ఒక్కమాట అంటుంటే ఆయన మొహం ఎంత చిన్నబోయిందో చెప్పలేను. పొద్దున పైడితల్లమ్మకి మొక్కినది గుర్తొచ్చి నాకే సిగ్గేసింది. పిడి నేనే లాగాను.

వైశాఖమాసం, మిట్టమధ్యాహ్నం, నెత్తి మీద సూర్యుడు, కాళ్ల కింద కుంపటి. నేను కాళ్లు రెండూ ఎత్తి సీటు మీద బాసింపట్టు వేసుకున్నాను. ఆయనకి ఆ సౌకర్యం లేదు, తొక్కాల్సినవి కిందే ఉన్నాయి. ఎదురొచ్చిన నాటుబండిలోని రైతు ఎడ్లని ఆపి మరీ అడిగాడు.

"ఏటమ్మా, పూజకి కూకున్నారా?"

ముల్లు మాత్రం ఒక గీత దిగింది.

శ్రీకాకుళం

మా చిన్నాన్నగారింటికి చేరేసరికి మా ఇద్దరి పాదాలూ కాల్చిన వంకాయల్లా ఉన్నాయి. పిన్ని ఆముదం రాసింది. వీధి వీధంతా కారు చూడ్డానికొచ్చింది. శ్రీకాకుళంలో మనిషికేం జబ్బో అడగరు, మందు ముందు చెప్పేస్తారు. కారుకీ అంతే.

"వేడి సేసింది దీనికి," అన్నాడు ఎదురింటాయన, బానెట్టు మీద చెయ్యి పెట్టి, వెంటనే తీసేసి. "మజ్జిగ పొయ్యండి. సలవ సేస్తాది."

"మజ్జిగేటి, మెంతులు నానబెట్టి పొయ్యాలి," అంది ఆయన భార్య.

"ముంజలకి మించింది నేదు," అన్నాడు ఇంకొకాయన.

మా ఆయన అందరికీ ఓపిగ్గా జవాబు చెప్పారు. మందులన్నీ మేమే పుచ్చుకున్నాం. మజ్జిగ తాగాం, తాటిముంజలు తిన్నాం. మా ఊళ్లో కంటే ఇక్కడ ముంజలు చవక. లేతగా, వేలు గుచ్చితే నీళ్లు చిమ్మేలా ఉన్నాయి.

ఆ రాత్రి అక్కడే ఉండి పొద్దున్న బయల్దేరుతుంటే ఆ వీధి ఆడవాళ్లు ఊరుకుంటారా? కారు మూతికి మామిడాకుల తోరణం కట్టారు, రెండు వరసలు. వాడిపోయిన పూలు తీసేద్దామని నేను చెయ్యి పెట్టాను. పిన్ని నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"పెళ్లిబండికి కట్టినవి దారిలో తీయకూడదమ్మా. వాటంతటవే రాలాలి."

మా ఇంట్లోనూ అదే మాట. మారుమాటాడకుండా ఎక్కి కూర్చున్నాను.

వంశధార ఇసకలో

నాగావళి దాటేదాకా ఫరవాలేదు. వంశధార వంతెన దగ్గరికి వచ్చేసరికి మళ్లీ పొగలు. పిడి లాగినా ముల్లు దిగలేదు. ఏట్లో నీళ్లు లేవు, ఒక చివర సన్నటి పాయ. మిగతా ఇసకంతా పుచ్చపాదులు. పాదుల దగ్గర ఒకామె చెలమ తవ్వుకుని నీళ్లు తోడుతోంది. డబ్బా పట్టుకుని నేను దిగాను. కరిగిన చెప్పుతో ఆ ఇసకలో ఎలా నడిచానో నాకే తెలియాలి.

ఆమె పేరు అప్పలమ్మ. నీళ్లు తోడిపెట్టి, నాతోపాటు గట్టెక్కి వచ్చి, కారుని తేరిపార చూసింది.

"టాపు నేదు. తలుపు సగవే ఉన్నాది. ఇంకా కడతన్నారేటి?"

"లేదమ్మా, అంతే అది."

"ఓలమ్మో! మరి బేరవాడి కొన్నారా, ఇలాగే తీసీసుకున్నారా?"

మా ఆయన డబ్బా అందుకుని ఇంజనులో నీళ్లు పోశారు. అప్పలమ్మ ఒక పుచ్చకాయ తెచ్చి ముందుచక్రం మీద కొట్టి పగలదీసింది. అది నలభై పైసలట. మా బజార్లో దానికి రెట్టింపు చెబుతారు. మేం తింటుంటే, "దానికీ ఓ ముక్కెయ్యండి, ఎక్కడి నుంచి పరిగెడతన్నాదో పాపం," అంది. దండల వంక చూసి దండం పెట్టుకుంది కూడా. పెళ్లికూతురి పేరడిగి, పిల్లలూ పాపలతో సల్లగా ఉండాలని దీవించింది. పైసలిస్తే పెళ్లిబండి దగ్గర తీసుకోనంది.

మళ్లీ ఎక్కాక మా ఆయన స్టీరింగు చక్రాన్ని అరచేత్తో తడిమారు.

"ఇది వెళ్లదేమో కామేశ్వరీ," అన్నారు. "తుక్కువాడొస్తే ఆ చక్రం ఒక్కటి ఉంచుకోనిస్తారా మీ నాన్నగారు? గోడకి తగిలించుకుంటాను."

నాకు ఒక్కసారిగా మా నాన్న మీద ఎక్కడలేని కోపం వచ్చింది.

టెక్కలి దగ్గర ఆవు

టెక్కలి ఇంకా కొంచెం దూరం ఉందనగా కారు తనంతట తనే ఆగింది. రోడ్డుపక్క టీ దుకాణం, దాని వెనక ఒక ముసలాయన పాక. నీళ్లు చల్లారేదాకా కూర్చోమన్నాడు టీ దుకాణమతను. గోలీసోడా కొట్టి ఇచ్చాడు. సోడా కూడా వేడిగానే ఉంది. మేం కారుకి వీపు పెట్టి బల్ల మీద కూర్చున్నాం. కాసేపు దాని మొహం చూడాలనిపించలేదు.

వెనకనుంచి నములుతున్న చప్పుడు వినబడింది.

తిరిగి చూస్తే ఒక తెల్లావు. కారు మూతికి మూతి ఆనించి, శ్రీకాకుళం తోరణం పూర్తిచేసి, నూలు సందుల్లోంచి నెల్లిమర్ల దండలోకి దిగింది. నేను "హే! హే!" అంటూ లేచాను. పాకలోంచి ముసలాయన పరిగెత్తుకొచ్చాడు.

"తెల్లారినకాడి నుంచి గడ్డి ముట్టనేదమ్మా ఇది! మీ బండిని తినేస్తన్నాది!"

వచ్చి దాని తోక పట్టుకుని లాగాడు. ఆవు అమ్మ కట్టిన దండని కూడా ఒక్క గుంజున పీక్కుంది. దాంతో నూలు చిలపలు ఊడి దాని కొమ్ములకి తగులుకున్నాయి. కళ్లకి తెల్లగా ఏదో అడ్డం వచ్చేసరికి బెదిరి రోడ్డు పట్టుకుంది. ముందు ఆవు, వెనక పొందూరు నూలు, దాని వెనక ముసలాయన. నీలమ్మత్త వంచిన నడుము ఎత్తకుండా వడికిన నూలది. నేను నెత్తి మీద చెయ్యి పెట్టుకుని కూలబడ్డాను.

ముసలాయన చిలపలు విడిపించి తెచ్చాక వాటిని దులిపి చీర కొంగులో మూటకట్టుకున్నాను. పూలు ఆవువి అయిపోయాయి. ఎవరి చేత్తోనూ తీయలేదు కాబట్టి దోషం లేదని ముసలాయనే తీర్పు చెప్పాడు.

కారు కదిలింది. ముల్లు దిగడం మొదలుపెట్టింది. పిడి లోపలికి తోశాను, అయినా దిగింది. టెక్కలి బజారు దాటాం, ఇంకా దిగింది. మా ఆయన నా వంక చూశారు, నేను ఆయన వంక చూశాను. ఆయన కారు ఆపి, దిగి ముందుకెళ్లి, బోసిపోయిన జల్లెడ ముందు చెయ్యి పెట్టారు. నా ఒళ్లోని తువ్వాలు అడిగి దానికి అడ్డంగా కట్టారు. కొంతదూరం పోనిచ్చారు. ముల్లు లేచింది. తువ్వాలు విప్పారు. ముల్లు పడుకుంది.

"దండలు!" అని రోడ్డు మధ్యలో అరిచారు. "ఇంజనుకి గాలి అక్కడి నుంచే వెళ్లాలే! నిన్నటి నుంచీ దీని నోరూ ముక్కూ మూసి పరిగెత్తించాం!"

ఊరూరా మాకు మర్యాద చేసినవాళ్లందరూ ఒక్కొక్కరుగా గుర్తొచ్చి పొట్టచెక్కలయ్యేలా నవ్వాం. అక్కడి నుంచి కాశీబుగ్గ దాకా కారు ఎగిరినట్టు పోయింది. నాకు కాళ్లు కిందపెట్టి కూర్చునే భాగ్యం కలిగింది.

కాశీబుగ్గ

విడిది ముందు కారు ఆగగానే సూరిబాబు "బావా!" అంటూ పరిగెత్తుకొచ్చాడు. నాన్న వచ్చి, చక్రాలు చూసి, రోడ్డు వంక ఎడ్లేమైనా కనబడతాయా అని చూసి, "ఊ, ఇంకా ఊరేగింపున్నాది," అన్నారు.

ఆడపెళ్లివారు జీడిపప్పు వ్యాపారులు. విడిదిలో ముందు పెట్టింది చల్లటి నీళ్లన్నం. పెరుగు, మాడిన ఎండుమిరపకాయ, ఒడియావాళ్ల లాగే. దాన్ని పఖాళ అంటారట. మా వైపు పెళ్లివారికి చద్దన్నం పెడితే సంబంధం తప్పిపోతుంది. ఆ వేళ మాత్రం అమృతంలా ఉంది. సున్నుండల బుట్ట తెరిస్తే నెయ్యి కరిగి అన్నీ కలిసి ఒకే ఉండయిపోయాయి. నేను నోరు తెరిచేలోపే పెళ్లికూతురి నాయనమ్మ, "ఇజీనారంలో ఇలాగే సేస్తారు కావాల," అని కత్తిపీట తెప్పించి ముక్కలు కోయించింది.

పొద్దు గూకే వేళ ఊరేగింపుకి సిద్ధమయ్యాం. నల్లగుడ్డ మడిచి వెనక కట్టి, దాని మీద పెళ్లికొడుకుని కూర్చోబెట్టారు. చక్రం దగ్గర మా ఆయన. పక్క సీట్లో పెద్దమనిషిగా మా నాన్న. కొత్త కిర్రుచెప్పులు కరిచాయని వాటిని విడిదిలో వదిలేసి ఉత్తకాళ్లతో ఎక్కారు.

అప్పుడు వచ్చింది దండ. ఇద్దరు మనుషులు మోసుకొచ్చారు. మల్లెలూ కనకాంబరాలూ, మధ్యమధ్య జీడిపప్పు గుచ్చి, చాపంత వెడల్పున. నాయనమ్మగారు దగ్గరుండి దాన్ని కారు మూతికి తీగలతో కట్టించారు.

మా ఆయన మొహంలో రంగు పోయింది. వేగంగా వెళ్తే కొంచెమైనా గాలి తగులుతుంది. ఊరేగింపు నడకతో పోవాలి, అదీ సన్నాయి మేళం వెనక.

"అమ్మా, కొంచెం పక్కకి జరిపి కడితే..." అన్నారు నాయనమ్మగారితో.

"పెల్లోరింటి అల్లుడివి, నీకు తెలీదేటి బాబూ? పెల్లిబండి దండ కదపకూడదు. మా ఇంటి గుమ్మంలో మా సేత్తోనే ఇప్పుతాం."

ఆవు కోసం అటూ ఇటూ చూశాను. ఒక్కటీ లేదు. మా ఆయన దగ్గరికి వంగి చెవిలో అన్నాను.

"పిడి లాగండి."

"మీ నాన్నగారు కూర్చున్నారే ఈ పక్క! ఉత్తకాళ్లతో!"

"అందుకే లాగమంటున్నాను."

ఊరేగింపు

నేను నాన్న వైపు తలుపు పక్కనే హారతిపళ్లెం పట్టుకుని నడిచాను. మొదటి వీధి మలుపు దాకా నాన్న గంభీరంగా కూర్చున్నారు. మలుపు తిరిగాక కుడికాలు కొంచెం లేచింది. దించారు. ఎడమకాలు లేచింది. దించారు. వియ్యాలవారి ఊళ్లో, వందమంది చూస్తుండగా, పెళ్లికొడుకు తండ్రి కాళ్లు సీటు మీద పెట్టుకుంటారా? కుడి, ఎడమ, కుడి, ఎడమ. కాలుతోపాటు తలా ఊగింది.

సన్నాయి మేళగాడు అది చూశాడు. ఇంత శ్రద్ధగా తాళం వేసే పెద్దమనిషి అతనికి ఈ సీజన్లో దొరికినట్టు లేడు. కారు ముందు నిలబడిపోయి, కళ్లు మూసుకుని రాగం అందుకున్నాడు. డోలు అతను రెచ్చిపోయాడు. వాయింపు జోరందుకుంది, నాన్న కాళ్లు కూడా. జనం చప్పట్లు కొట్టారు.

"వియ్యంకుడుగారికి సంగీతం పిచ్చి లాగున్నాది," అన్నారెవరో.

ఇక ప్రతి మలుపులోనూ ఆగి వాయించారు. మా ఆయన కళ్లు ముల్లు మీద. ముల్లు ఎర్రగీత మీద నిలబడి వణుకుతోంది, దాటడం లేదు. ఆయన చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. నాన్న నుదుటి మీంచి చెమట ధారగా కారుతోంది. ఒకసారి నాన్న చెయ్యి ఆ నల్లపిడి దాకా వెళ్లింది. చెయ్యి అక్కడే కొంచెంసేపు ఉండి, వెనక్కి వచ్చి ఉత్తరీయం సర్దుకుంది.

ఆడపెళ్లివారి గుమ్మం వచ్చింది. కారు ఆగలేదు, ఆపారు. నాయనమ్మగారు తన చేత్తో దండ విప్పారు. లోపలినుంచి భుస్సుమని గాలి వచ్చి మల్లెలు కొన్ని ఆవిడ మొహాన పడ్డాయి. శుభశకునం అన్నారంతా.

గుమ్మంలో మగపెళ్లివారి కాళ్లకి నీళ్లిచ్చారు. పెళ్లికూతురి అన్నగారు చెంబుతో నాన్న పాదాల మీద చల్లటి నీళ్లు పోశాడు. నాన్న కళ్లు మూసుకున్నారు.

"ఇంకొంచెం పొయ్యి బాబూ."

పోశాడు.

"ఇంకొంచెం."

బిందె అయిపోయింది. ఇంకో బిందె తెచ్చారు. లోపల పురోహితుడు ముహూర్తం ముహూర్తం అని కేకలు పెడుతున్నాడు.

తువ్వాలు అందిస్తూ నేను దగ్గరికి వెళ్లాను. నాన్న గొంతు తగ్గించి అడిగారు.

"అమ్మీ, ఆ నల్లపిడి లాగమని సెప్పింది నువ్వేనా?"

"మీకెలా తెలుసు?"

"ఇంజను మిల్లు నడుపుతన్నవోడిని, ఏడి ఎక్కడి నుంచి ఎటొస్తన్నాదో నాకు తెలీదేటి? రెండో మలుపులోనే తెలిసింది. సెయ్యి సాపితే అందుతాది. లోపలికి తోసీడం ఎంతసేపు?"

"మరి తొయ్యలేదేం నాన్నా?"

నాన్న కారు వైపు చూశారు. మా ఆయన తన కొత్త ఉత్తరీయంతో దాని మూతి తుడుస్తున్నారు.

"తోస్తే బండి ఆగిపోతాది. నా మాట నెగ్గుతాది. నెగ్గి ఏటి సేసుకుంటాను? చక్రం పట్టుకున్నప్పుడు అతని మొకం సూసేవా? మన గుమ్మం తొక్కినకాడి నుంచి ఆ మొకం అంత ఎలుగ్గా నాను సూడనేదు." ఒక్క క్షణం ఆగి అన్నారు. "షెడ్డులో నువ్వులు ఎటోవేపు జరుపుకుంటాన్లే."

ఆ కాలిన పాదాలని తువ్వాలుతో ఒత్తుతూ చాలాసేపు అక్కడే కూర్చుండిపోయాను.

తిరుగు రైలు

పెళ్లి అయిన మర్నాడు నేను పెట్టె సర్దుకుని కారు దగ్గరికి వెళ్లేసరికి నా సీట్లో నాన్న ఉన్నారు. కాళ్లకి ఆముదం రాసి గుడ్డలు చుట్టుకుని, ఆ కాళ్లు రెండూ ఎత్తి ముందు బల్ల మీద పెట్టుకుని ఉన్నారు.

"నువ్వు ఆడోళ్లతో రైల్లో వచ్చీ అమ్మీ," అన్నారు. "అల్లుడుగారికి తోడు నానెల్తాను. పాపం, దారి తెలీని మనిషి."

ఆ దారి తెలియని మనిషి నా వంక చూసి, ఏమీ చెయ్యలేనన్నట్టు భుజాలెగరేసి, ఈలవేసుకుంటూ బండి పోనిచ్చారు.

రైల్లో మూడో తరగతి పెట్టె. కిటికీ పక్క సీటు, ఒళ్లో వేరుశనక్కాయలు, కొంగులో పొందూరు నూలు. హాయిగా ఉండాల్సింది. కోటబొమ్మాళి దాటాక రోడ్డు రైలుకి దగ్గరగా వచ్చింది. ఆ రోడ్డు మీద, తాటిచెట్ల మధ్య, ఎర్రగా అది కనబడింది. రైలుతో పోటీపడి వస్తోంది. మూతి మీద ఒక్క పువ్వు లేదు. పూలన్నీ మా ఆయన మెడలో ఉన్నాయి, చెవుల దాకా, ముక్కు ఒక్కటే పైకి. దారిలో ఎవరు దండ తెచ్చినా ముందు తన మెడ చాపి ఉంటారు. పక్కన నాన్న గాలికి ఎగురుతున్న ఉత్తరీయం ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో రైలుకి టాటా చెబుతున్నారు. ఆ వయసులో ఆయన అంత పెద్దగా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు.

"అదేనా," అంది పక్కనున్న అమ్మ, "ఎడ్లు దొరకాలని మొక్కుకున్న బండి?"

వాళ్లు కనబడినంతసేపూ కిటికీ ఊచలు పట్టుకుని, "నాన్నా, అది నా సీటు!" అని అరుస్తూనే ఉన్నాను.